రేటు ఒకటే కదా అని పెద్దది తీసుకున్నాను

మా అమ్మ నాకు సరిపోయే వస్తువు ఒక్కటి కూడా కొన్న పాపాన పోలేదు. మాది పెనుగొలను. బడులు తెరిచే ముందు తిరువూరు తీసుకొచ్చి గౌను కొంటే అది మోకాళ్ళు దాటి పిక్కల మీదికి వచ్చేది. "పెరిగే పిల్ల, వచ్చే ఏడాదికి సరిపోద్దిలే" అనేది. వచ్చే ఏడాదికి గౌను వెలిసిపోయేదే తప్ప నేను దానికి సరిపోయేదాన్ని కాదు. చెప్పుల ముందు భాగంలో కాగితం ఉండలు కుక్కుకుని నడిచాను. పెళ్ళికి కుట్టించిన జాకెట్లలో రెండు పక్కలా గుడ్డ లోపలికి మడిపించి మూడేసి కుట్లు వేయించింది, పిల్లలు పుట్టాక ఒళ్ళు చేస్తానని. పెళ్ళి ఉంగరం కూడా వదులే. అడుగున దారం చుట్టి వేలికి తొడిగారు. ఇరవై నాలుగేళ్ళలో ఆ దారం ఎన్నిసార్లు మార్చానో గుర్తులేదు. ఉంగరం తగ్గించాలని మాత్రం ఎవరికీ తోచలేదు, నాతో సహా.

ఇది పిసినారితనం అనుకునేరు, కాదు. మా వైపు అందరికీ ఉన్న బుద్ధే. బిందె కానీ, బకెట్టు కానీ, దుప్పటి కానీ, చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే రేటని కొట్టువాడు చెప్పాడంటే పెద్దది తెచ్చుకోవాల్సిందే. చిన్నది చాలు అన్నవాళ్ళని పైనుంచి కిందికి చూస్తారు. మనకెంత కావాలన్న మాట ఆ బేరంలో ఎక్కడా రాదు.

ఈ బుద్ధితోనే నలభై ఏడో ఏట నేనొక వస్తువు కొన్నాను. సెక్స్ టాయ్ అంటారు దాన్ని. తెలుగులో దానికి పేరు పెట్టే ధైర్యం ఎవరూ చేసినట్టు లేదు. బొమ్మ అందామంటే నాకు చంటిపిల్లలు గుర్తొస్తారు. అందుకని వస్తువు అనే అంటాను. నేను లెక్కల టీచర్ని. తిరువూరులో ఉంటాం. ఇలాంటివి నాలాంటివాళ్ళు కొనరని మీరనుకుంటే, నేనూ అలాగే అనుకున్నాను.

అసలు సంగతి చెబుతాను. మూడేళ్ళ కిందట నాకు గర్భసంచి తీసేశారు. మా వైపు అది పన్ను పీకించుకున్నంత మామూలు విషయం. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చి, "పోనీలే, ఇంక నెలనెలా గోల లేదు, హాయి" అని దీవించి వెళ్ళారు. దానితోపాటు ఇంకేం పోతుందో ఒక్కరూ చెప్పలేదు. బరువులెత్తొద్దని చెప్పారు, వంకాయ తినొద్దని చెప్పారు. వంకాయకి ఇచ్చిన విలువ మా ఆయనకి ఇవ్వలేదు.

ఆరు నెలల తర్వాత మేమిద్దరం మళ్ళీ దగ్గరైనప్పుడు నాకు ఎంత నొప్పి పుట్టిందంటే గట్టిగా అరిచేశాను. మా ఆయన షాకు కొట్టినట్టు ఎగిరి దూరంగా కూర్చున్నారు. ఇంకో రెండుసార్లు ప్రయత్నించాం, అంతే. మూడోసారి తర్వాత ఆయన దిండు తీసుకుని హాల్లో దివాను మీదికి వెళ్ళిపోయారు. "నాకు గురక ఎక్కువైంది. నువ్వు పొద్దున్నే స్కూలుకెళ్ళాలి, నిద్ర పాడైపోద్ది" అన్నారు. పెళ్ళయిన రోజు నుంచీ ఆయనకి గురకే. ఆ గురక వినబడకపోతే నాకు మెలకువ వచ్చేది. అయినా నేను "సరే" అన్నాను. జీవితంలో నేను చేసిన తప్పుల్లో ఆ "సరే"కి మొదటి స్థానం ఇస్తాను.

మా ఆయనది మామిడి వ్యాపారం. రెడ్డిగూడెం చుట్టుపక్కల తోటలు కౌలుకి తీసుకుని, కాయ కోయించి, రకాలవారీగా ఏరించి లారీకెత్తిస్తారు. కాయ గురించి, వాన గురించి, లారీ బాడుగ గురించి గంటలకొద్దీ మాట్లాడగలరు. దిండు గురించి మాత్రం రెండేళ్ళలో ఒక్క మాట రాలేదు. మా అమ్మాయి హాస్టలు నుంచి సెలవులకొచ్చినప్పుడు దిండు మర్యాదగా గదిలోకి వచ్చేది. ఆ పిల్ల బస్సెక్కగానే మళ్ళీ దివాను మీదికి పోయేది. మధ్యలో మేమిద్దరం చాలా మర్యాదస్తులుగా తయారయ్యాం. టీ కప్పు అందుకుంటూ "థాంక్స్" చెప్పుకునేంత వరకు వచ్చింది వ్యవహారం. నాకు భయం వేసింది.

నాకు కావలసింది పెద్ద విషయమేం కాదు. ఆ దిండు మా గదిలోకి రావాలి.

బెజవాడ వెళ్ళి లేడీ డాక్టరుకి చూపించుకున్నాను. పేపర్లు దిద్దే డ్యూటీ పడిందని మా ఆయనకి చెప్పి వెళ్ళాను. ఆవిడ చూసి, రోగమేం లేదని, ఆపరేషను తర్వాత తడి తగ్గిపోతుందని, భయంతో ఒళ్ళు బిగుసుకుపోతే నొప్పి రెట్టింపవుతుందని చెప్పింది. ఒక జెల్ రాసిచ్చింది. తర్వాత తల ఎత్తకుండా రాసుకుంటూనే, "సిలికానువి దొరుకుతాయమ్మా ఆన్‌లైన్‌లో. తొందర లేకుండా, మీ అంతట మీరు మెల్లగా అలవాటు చేసుకోండి. మీకు సౌకర్యంగా ఉండే సైజు చూసి తీసుకోండి" అంది.

"సౌకర్యంగా అంటే ఎంతండీ డాక్టరు గారూ?"

"అది మీకే కదమ్మా తెలియాలి."

నాకే తెలియాలట! తిరుగు బస్సులో మైలవరం దాటేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది. మా ఆయన చొక్కా సైజు చెప్పగలను, మా అమ్మాయి చెప్పు సైజు చెప్పగలను. నా సంగతి అడిగితే మా అమ్మ చెప్పినదానికి మించి నాకు ఒక్క ముక్క తెలియదు. జెల్ మాత్రం బుద్ధిగా బెజవాడలోనే కొన్నాను. తిరువూరులో మందుల షాపుల కౌంటర్లలో సగం మంది నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళే.

ఒక ఆదివారం పొద్దున పొయ్యి మీద కోడికూర ఉడుకుతుండగా ఫోను తీసి వెతికాను. ఎన్ని రకాలో! ఒక్కోదాని పక్కన గులాబీ రేకులు చల్లి ఫోటో తీశారు. గులాబీ రేకు ఎంతుంటుందో తెలుసు కదా, దాన్ని బట్టి అంచనా కడదామంటే ఆ రేకులు కూడా దేశవాళీవి కావు. కింద అభిప్రాయాలు చదివాను. "మా ఆవిడకి చాలా నచ్చింది" అని ఒకరు. "సూపర్ క్వాలిటీ, నా భార్య హ్యాపీ" అని ఇంకొకరు. రాసినవాళ్ళంతా మగవాళ్ళే. పరీక్ష రాసేది ఒకరు, మార్కులు వేసుకునేది వేరొకరు. మా స్కూల్లో ఇలా జరిగితే సస్పెండు చేస్తారు.

చివరికి ఒకటి నచ్చింది. నాలుగు సైజులు ఉన్నాయి. ఒక్కోదాని కింద పొడవు ఇంత, వ్యాసం ఇంత అని సెంటీమీటర్లలో రాసి ఉంది. పదో తరగతికి వృత్తాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళయింది. మా ఇంట్లో ఏ డ్రాయరు లాగినా స్కేలు దొరుకుతుంది. ఒక్క స్కేలు తీసి, పెద్దదాని కింద రాసిన నాలుగున్నర సెంటీమీటర్లంటే ఎంతో కాగితం మీద గీసి చూసుకోవాలని నాకు తోచలేదు. ఎందుకంటే నా కళ్ళు ఇంకో చోట ఉన్నాయి. నాలుగు సైజులకీ ఒకటే రేటు. ఒకటే! మా అమ్మ నా భుజం మీద నుంచి ఫోనులోకి తొంగి చూసినట్టే అనిపించింది. అన్నిటికంటే పెద్దదాని మీద నొక్కేశాను. నొక్కాక, తెలివైన బేరం చేసినట్టు కాసేపు ఆనందం కూడా పడ్డాను.

అవి ఒంటిపూట బడుల రోజులు. ఇల్లు మధ్యాహ్నం దాకా తాళం వేసి ఉంటుందని పార్సిలు స్కూలుకి వచ్చేట్టు పెట్టాను. అదొక తప్పు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ సోషల్ టీచరుది. మంచి మనిషి, కానీ అవతలివాళ్ళ టిఫిను డబ్బా మూత తీసి చూస్తే తప్ప ఆవిడకి అన్నం సహించదు.

"ఏం తెప్పించారు మేడమ్? డబ్బా బరువుగానే ఉందే!" అంది, నాకంటే ముందే పార్సిలు చేతిలోకి తీసుకుని.

"మోకాళ్ళ నొప్పులకండీ. మిషను."

"కరెంటుదా, చార్జింగుదా?"

"చార్జింగుదే."

"పని చేస్తే చెప్పండి మేడమ్. మెట్లెక్కుతుంటే నాక్కూడా ప్రాణం పోతోంది. ఒక్క రెండు రోజులు ఇచ్చారంటే నేనూ చూసి, బాగుంటే తెప్పించుకుంటా."

ఇంటికొచ్చి తలుపు గడియ వేసి విప్పాను. నాకు మొదట గుర్తొచ్చింది మా అమ్మగారింట్లో పచ్చడి బండ. ఇప్పుడు స్కేలు తీశాను. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, వ్యాసం సరిగ్గా నాలుగున్నరే. చుట్టుకొలత కట్టాను. పద్నాలుగు సెంటీమీటర్లు దాటింది. దారంతో నా మణికట్టు కొలిచాను. పద్నాలుగున్నర. నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఇదే తప్పు పిల్లలెవరైనా చేసి ఉంటే, కొలత వేయకుండా జవాబు రాస్తావా అని నిలబెట్టి కడిగేసేదాన్ని.

అయినా కొన్నాం కదా. కొన్నది వృథా చేయకూడదన్నది మా ఇళ్ళలో ఇంకో చట్టం. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, డాక్టరు చెప్పిన జెల్ అంతా వాడి ప్రయత్నించాను. రెండు నిమిషాలకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆపేశాను. కోపం వచ్చింది నాకు. దాని మీద కాదు, నా ఒంటి మీద. ఇంతకాలం ఏదో ఆశ మిగిలి ఉండేది, ఏ డాక్టరో ఏ మందో ఉంటుందని. ఇప్పుడు మందూ వచ్చింది, వస్తువూ వచ్చింది, పనికిరానిది నేనే అని తేలిపోయింది అనుకున్నాను. ఆ రోజు సాయంత్రం మా ఆయన తోట నుంచి వచ్చి టీ అడిగితే గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టాను. ఆయన "థాంక్స్" అన్నారు. ఆ థాంక్స్ విని వంటింట్లోకి పోయి ఏడ్చాను.

వాపసు పంపుదామంటే, ఇలాంటి వస్తువులు వాపసు తీసుకోరట. న్యాయమే. మా పడగ్గదిలో అటక ఉంది. దాని మీద టీవీ డబ్బా, ఫ్యాను డబ్బా, కుక్కరు డబ్బా, ఇలా ఈ ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువు ఖాళీ అట్టపెట్టె భద్రంగా ఉంటుంది. ఎందుకు దాస్తామో ఎవరికీ తెలియదు, పారేస్తే మాత్రం గొడవ. అందులో మిక్సీ డబ్బా దించి, దీన్ని దాని రేపరుతో సహా అందులో పెట్టి మళ్ళీ ఎక్కించాను.

పది రోజులు గడిచాయి. సోషల్ టీచరు రోజూ అడుగుతూనే ఉంది. "ఎట్లా ఉంది మేడమ్, ఏమన్నా గుణం కనపడిందా?" అనేది. "ఇంకా చూస్తున్నానండీ" అనేదాన్ని. "వదలకండి, రోజూ వాడాలి ఇట్లాంటివి" అని ధైర్యం చెప్పేది.

ఆ వారంలో ఒక పెళ్ళికి వెళ్ళాల్సి ఉండి, ఆదివారం గాజులు కొందామని బజారుకి వెళ్ళాను. గాజుల కొట్టు ఆవిడ పెద్దావిడ. ఎప్పుడూ కొని తెచ్చుకుని ఇంట్లో వేసుకునేదాన్ని, ఆ రోజు కొట్టులో రద్దీ లేక ఆవిడే వేస్తానంది.

"రెండూ ఎనిమిది సైజు ఇవ్వండి" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలు లోపలికి మడిచి, ఎముకలు దగ్గరికి నొక్కి చూసింది. "మీయి రెండూ నాలుగు చేతులండీ టీచరు గారూ. రెండూ ఎనిమిదని ఎవరు చెప్పారు?"

"మా అమ్మ."

"ఎప్పుడు చెప్పారు?"

"పదో తరగతిలో."

ఆవిడ పకపకా నవ్వింది. "అప్పట్నించీ ఎవరూ చెయ్యి పట్టుకుని చూడలేదా?"

నాకు నవ్వు రాలేదు. ఆ గాజులు చూస్తే చిన్నపిల్లలవిలా ఉన్నాయి. ఎక్కవని చెప్పాను. ఆవిడ సబ్బు నీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుని నా చెయ్యంతా నురగ పట్టించింది. నేను పిడికిలి బిగించాను. "బిగబట్టకండి. మీరు బిగిస్తే గాజు చిట్లుద్ది, చెయ్యి తెగుద్ది. ఊపిరి వదలండి. మీ స్కూలు కబుర్లు చెప్పండి" అంది. నేను ఒంటిపూట బడుల గురించి ఏదో చెబుతున్నాను, ఆవిడ ఒక్కో గాజూ మెల్లగా తిప్పుతూ ఎక్కిస్తోంది. నొప్పి అనిపించినచోట ఆగింది, వెనక్కి తీసింది, మళ్ళీ సబ్బు రాసింది. డజను ఎక్కాయి. మణికట్టు మీద చక్కగా నిలబడ్డాయి. చెయ్యి దించితే జారలేదు, ఎత్తితే మోచేతి దాకా పోలేదు.

"సైజు చేతిది చూడాలండీ. గాజుది చూస్తే ఎట్లా?" అంది, చేతులు తుడుచుకుంటూ.

ఆటోలో కూర్చున్నాక నాకు ఒక్కసారిగా తెలిసొచ్చింది. చెడిపోయింది నా ఒళ్ళు కాదు. నేను నా ఒంటిని కొలవకుండా రేటుని కొలిచాను. డాక్టరు చెప్పిన మాటలో సౌకర్యం అన్న ముక్కని మా ఇంటి ఆనవాయితీ ప్రకారం దాటేశాను. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఇంటికెళ్ళగానే ఇంకోటి తెప్పించుకోవాలి, ఈసారి స్కేలు పెట్టి చూసుకోవాలి అనుకుంటూ గాజులు చప్పుడు చేసుకుంటూ వచ్చాను.

గుమ్మంలోనే సోషల్ టీచరు చెప్పులు కనిపించాయి.

ఆవిడ హాల్లో దివాను మీద, మా ఆయన మడిచి పెట్టుకున్న దిండు పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. "రండి మేడమ్. ఇటు వచ్చాను కదా, మీ మోకాళ్ళ మిషను తీసుకెళ్దామని ఆగాను. మీరు లేరు. సార్ పాపం వెంటనే వెతకడానికి వెళ్ళారు" అంది.

పడగ్గదిలో నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "మిక్సీ డబ్బా ఖాళీగా ఉండాలి కదా, బరువుగా ఉందేంటి? ఇదేనేమో!"

నేను పరిగెత్తాను. ఆయన స్టూలు మీద నిలబడి, డబ్బా మూతలు విప్పి, లోపలికి చూస్తున్నారు. తర్వాత నా వైపు చూశారు. ఇరవై నాలుగేళ్ళ కాపురం, ఇరవై ఏళ్ళ ఉద్యోగం, రెండూ ఆ డబ్బాలో ఉన్నాయి. హాల్లో కూర్చున్న మనిషి చెవిన పడిందంటే రేపు ప్రార్థన గంట కొట్టేలోపు స్కూలంతా తెలిసిపోతుంది.

"దొరికిందా సార్?" అంది ఆవిడ హాల్లోంచి.

మా ఆయన స్టూలు దిగారు. డబ్బా మూసి మంచం మీద పెట్టారు. గుమ్మం దాకా వెళ్ళి, "దొరికింది కానీండీ, చార్జింగు పెట్టేచోట కాలిపోయింది. పనిచేయదు" అన్నారు.

"అయ్యయ్యో! గ్యారంటీ లేదా?"

"ఏమోనండీ, చూడాలి. మీరు ఇంత దూరం వచ్చారు, కాయలు పట్టుకెళ్ళండి." తోట నుంచి తెచ్చిన కాయల్లోంచి మంచివి ఏరి, సంచి నింపి, గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చారు. నన్ను ఏమీ అడగకముందే, నా పరువు కోసం ఆయన అబద్ధం ఆడారు.

ఆయన లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నారు. రెండేళ్ళలో ఆ మంచం మీద ఆయన అలా స్థిమితంగా కూర్చోవడం అదే మొదలు. "మోకాళ్ళ నొప్పులు లేవన్నమాట" అన్నారు.

"లేవు."

అంతా చెప్పాను. పేపర్లు దిద్దే డ్యూటీ అబద్ధమని, డాక్టరు ఏం చెప్పిందో, ఏం కొన్నానో, ఏమైందో, ఏడ్చిన సంగతితో సహా. ఆయన డబ్బా వైపు చూస్తూ విన్నారు. ఆయన మొహం, లారీ నిండా పంపిన సరుకు బాగాలేదని తిప్పి పంపినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. మెల్లగా అడిగారు. "అంతా అర్థమైందే. కానీ మరీ ఇంతదా? అంటే... ఇన్నేళ్ళూ నాతో నీకు..."

వాక్యం పూర్తి చేయలేకపోయారు. నాకు అప్పుడు వెలిగింది ఆయన ఏమనుకుంటున్నారో.

"అయ్యో రామా! అదేం కాదండీ! అన్నిటికీ రేటు ఒకటే!"

"ఏంటీ?"

"నాలుగు సైజులున్నాయి. నాలుగింటికీ ఒకటే రేటు."

"చిన్నదానికీ అంతేనా?"

"అంతే."

ఆయన ఆలోచించారు. ఆయనలోని వ్యాపారి ఆయనకంటే ముందు మాట్లాడాడు. "మరి పెద్దదే తీసుకోవాలిగా!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయన ఆగిపోయారు. నేనాయన్ని చూశాను. ముందు ఎవరు నవ్వామో గుర్తులేదు. ఆయన కడుపు పట్టుకుని మంచం మీద వెనక్కి పడిపోయారు. నేను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. నవ్వు ఆగిందనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరం డబ్బా వైపు చూడడం, మళ్ళీ మొదలవడం. ఆ ఇంట్లో అంత నవ్వు వినబడి రెండేళ్ళు దాటింది.

నవ్వులు అయ్యాక ఆయన పైకప్పు చూస్తూ అన్నారు. "ఆ రోజు నువ్వు అరిచావు చూడు. అది చెవుల్లోంచి పోలేదే. నీ మీద చెయ్యి వేయాలంటే భయం వేసేది. నీకు నొప్పి చేసే మనిషినైపోయానని... గురక ఎక్కువైందన్నది అబద్ధం."

"తెలుసు."

"తెలిస్తే రమ్మని పిలవచ్చుగా?"

"మీరే వస్తారని చూశాను."

ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఎదురుచూస్తూ, హాల్లో ఒకరు గదిలో ఒకరు రెండేళ్ళు పోగొట్టుకున్నాం. అంత చదువు చదివి, అంత వ్యాపారం చేసి! నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆయన మీద పట్టలేనంత ప్రేమా వచ్చింది.

ఆయన లేచి కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఏదీ, ఆ ఫోను ఇటు తే" అన్నారు. నేను స్కేలు, వృత్తలేఖిని, ఒక తెల్లకాగితం కూడా తెచ్చాను. ఈసారి పద్ధతిగా నాలుగు సైజుల వ్యాసాలకీ నాలుగు వృత్తాలు గీసి, మంచం మీద ఇద్దరి మధ్యా పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని, కాయలు ఏరేటప్పుడు చూసినట్టే, దూరంగా పెట్టి ఒకసారి దగ్గరగా పెట్టి ఒకసారి చూశారు. "పొడుగుదేముంది, ఎంతవరకు కావాలో అంతవరకే. ఈ లావు చూసుకోవాలి" అన్నారు. రెండో వృత్తం మీద వేలు పెట్టారు. మూడోదాని వైపు జరిపారు. తర్వాత వేలు తీసేసి కాగితం నా చేతిలో పెట్టారు.

"నాకేం తెలుసే? నీకేది బాగుంటదో నువ్వే చెప్పు."

నలభై ఏడేళ్ళలో నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కరే. గౌను కొన్నప్పుడు అడగలేదు, జాకెట్టు కుట్టించినప్పుడు అడగలేదు, ఉంగరం చేయించినప్పుడు అడగలేదు. నేను కాగితం మీద నాలుగు వృత్తాలూ చూశాను. తొందరపడలేదు. అన్నిటికంటే చిన్నదాని మీద వేలు పెట్టాను.

"ఇదా?"

"ఇదే."

"రేటు ఒకటే మరి. మళ్ళీ అనుకోకూడదు."

"అనుకోను. ఇదే నొక్కండి."

నొక్కారు. పార్సిలు రావడానికి వారం పడుతుందని చూపించింది. ఈసారి అడ్రసు ఇంటిదే ఇచ్చాం. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, లేచి హాల్లోకి వెళ్ళారు. తోటకి బయల్దేరుతున్నారేమో అనుకున్నాను. కాసేపటికి దిండు చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగారు.

"గురక వస్తది మరి" అన్నారు.

"రానివ్వండి" అన్నాను.